టర్కీ రోస్ట్ నేర్చుకుందాం, 3వ భాగం: ఓవెన్‌లో పెట్టే రోజు

మొదటి భాగంలో కొనడం, గడ్డ కరిగించడం చూశాం. రెండో భాగంలో ఉప్పు పట్టించాం (ప్యాకెట్ మీద ముందే ఉప్పునీరు ఎక్కించామని రాసి ఉన్నవాళ్లు మానేశారు, అది కరెక్టే). ఆ లెక్కన థ్యాంక్స్‌గివింగ్ గురువారం పొద్దున మీ ఫ్రిజ్ కింది అరలో 12, 14 పౌండ్ల పక్షి ఒకటి, మూత లేకుండా, చర్మం పొడిగా ఆరిపోయి ఉంటుంది. ఆ పొడి చర్మమే తర్వాత కరకరలాడేది, కాబట్టి చివరి నిమిషంలో "ఒకసారి కడుగుదాం" అని సింకులోకి తీసుకెళ్లకండి. మన ఇళ్లలో మాంసం కడక్కుండా వండటం ఎవరికీ మనసొప్పదని నాకు తెలుసు, కానీ అంత పెద్ద పక్షిని కడిగితే సింకు చుట్టూ ఉన్న గిన్నెల మీదికి, సలాడ్ మీదికి ఆ నీళ్లు చింది క్రిములు చేరతాయి, క్రిములు చచ్చేది ఓవెన్ వేడికే.

ఇక్కడే మొదలుపెట్టినవాళ్లకి, ఇంకా రాయిలా ఉన్న టర్కీని చూసి టెన్షన్ పడుతున్నవాళ్లకి ఒక్క మాట. ప్యాకింగ్ విప్పకుండా చల్లటి నీళ్లలో ముంచండి, అరగంటకోసారి నీళ్లు మార్చండి, పౌండుకి అరగంట చొప్పున పడుతుంది. అంటే 12 పౌండ్లకి ఆరు గంటలు. వేణ్ణీళ్లు మాత్రం వద్దు. ఇలా కరిగించినది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకుండా వెంటనే వండెయ్యాలి.

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్ల టర్కీ ఎండిపోయేది ఎక్కువగా భయం వల్ల. కోడి కూరలో ముక్క పులుసులో ఉంటుంది, పది నిమిషాలు ఎక్కువ ఉడికినా ఎవరికీ తెలీదు. ఇక్కడ పులుసు లేదు. "లోపల పచ్చిగా ఉందేమో" అని ఇంకో అరగంట, మళ్లీ ఇంకో అరగంట ఉంచుతారు, అంతలో బ్రెస్ట్ పీస్ పీచులా తయారవుతుంది. పైగా ఈ పక్షిలో రెండు రకాల మాంసం ఉంది. బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ, వేడి కొంచెం ఎక్కువైనా రసమంతా పోతుంది. లెగ్ పీస్ మాత్రం బాగా వేడెక్కి లోపలి జిగురు కరిగితే తప్ప మెత్తబడదు. రెండూ ఒకే ఓవెన్‌లో, ఒకే టైముకి తయారవ్వాలి. ఈ రోజు చేసే పనులన్నీ ఆ రెంటికీ రాజీ కుదర్చడానికే.

ముందు పక్షి కడుపులోనూ మెడ దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. మెడ, కందనకాయ, కార్జం, గుండె ఒక చిన్న సంచిలో పెట్టి ఉంచుతారు, ఒక్కోసారి గ్రేవీ ప్యాకెట్ కూడా. ఉప్పు రాసినప్పుడే తీసేసి ఉంటారు, అయినా చూడండి. కార్జం పక్కన పెట్టి మిగతావాటిని నీళ్లలో ఉల్లిపాయ, మిరియాలు వేసి చిన్న మంట మీద ఉడకనివ్వండి, ఆ నీళ్లు గ్రేవీకి పనికొస్తాయి. కార్జం వేపుడు చేసుకోండి, అది వంట చేసేవాళ్ల వాటా.

మసాలా గురించి చాలామంది అడుగుతారు. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం చర్మం పైన రాస్తే మాంసం ఉడికేలోగా అవి మాడి చేదెక్కుతాయి. పెరుగు రాస్తే చర్మం మెత్తగా ఉండిపోతుంది. అందుకని మన రుచులన్నీ చర్మం కింద. మెత్తబడిన వెన్నలో అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, ధనియాల పొడి, కొంచెం గరం మసాలా, సన్నగా తరిగిన కరివేపాకు కలిపి, మెడ వైపు నుంచి వేళ్లు మెల్లగా దూర్చి చర్మం వదులు చేసి, చినగకుండా బ్రెస్ట్ మీదా తొడల మీదా పరిచెయ్యండి. ఉప్పు ఇంక వెయ్యొద్దు, ముందే పట్టించాం. చర్మం పైన నూనె ఒక పూత, మిరియాల పొడి, అంతే. కడుపులో ఒక ఉల్లిపాయ, ఒక నిమ్మకాయ కోసి పడేస్తే చాలు, స్టఫింగ్ (పక్షి కడుపులో కూరే బ్రెడ్ మిశ్రమం) కుక్కొద్దు. అది లోపలిదాకా వేడెక్కేసరికి బ్రెస్ట్ పని అయిపోతుంది. స్టఫింగ్ వేరే గిన్నెలో చేసుకోండి.

రెక్కల చివర్లు వీపు కిందికి మడవండి. కాళ్లు గట్టిగా కట్టకండి, తొడల మధ్యకి వేడి గాలి వెళ్లాలి. ట్రేలో జాలీ లేకపోతే ఉల్లిపాయలు, క్యారెట్లు పెద్ద ముక్కలుగా పరిచి వాటి మీద కూర్చోబెట్టండి, రొమ్ము వైపు పైకి. అడుగున ఒక కప్పు నీళ్లు పొయ్యండి, కారిన కొవ్వు మాడి పొగ రాకుండా. వాడి పారేసే అల్యూమినియం ట్రే అయితే కింద ఒక గట్టి బేకింగ్ షీటు పెట్టి తీరాలి, ఉత్త ట్రేని ఎత్తితే మధ్యకి వంగిపోయి మరిగే కొవ్వు కాళ్ల మీద పడుతుంది.

ఓవెన్ 425 డిగ్రీల ఫారెన్‌హీట్, ముందే బాగా వేడెక్కి ఉండాలి. అరగంట అక్కడ, తర్వాత 325కి తగ్గించండి. బ్రెస్ట్ మీద మంచి రంగు వచ్చిందనిపించగానే దాని మీద మాత్రమే ఫాయిల్ వదులుగా కప్పండి, కాళ్లు అలాగే తెరిచి ఉంచండి. రాజీలో ఇదొక భాగం. అరగంటకోసారి తలుపు తీసి రసం పోస్తూ కూర్చోవద్దు, ఆ రసం మాంసంలోకి దిగదు, చర్మం తడుస్తుంది, వేడి బయటికి పోతుంది.

ఎంతసేపు? అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో 325 దగ్గర, స్టఫింగ్ లేని 12-14 పౌండ్ల పక్షికి 3 నుంచి 3¾ గంటలు అని ఉంటుంది. మనం మొదట్లో వేడి ఎక్కువ పెట్టాం కాబట్టి ఇంకొంచెం ముందే అవ్వొచ్చు. ఈ అంకెలు అతిథులకి టైము చెప్పడానికి పనికొస్తాయి, తియ్యాలా వద్దా అన్నది మాంసంలో గుచ్చే థర్మామీటరే చెప్పాలి. రెండు గంటలు దాటగానే చూడటం మొదలుపెట్టండి. ఒకటి బ్రెస్ట్‌లో మందంగా ఉన్నచోట, మెడ వైపు నుంచి అడ్డంగా గుచ్చి. రెండోది తొడ ఒంటికి అతుక్కునే చోట, లోపలి వైపు. ముల్లు ఎముకకి తగిలితే తప్పుడు అంకె చూపిస్తుంది, కాస్త వెనక్కి లాగి మళ్లీ చూడండి. ఎక్కడ గుచ్చినా 165 దాటాలి, అది భద్రతకి. తొడకి 175, 180 వస్తే రుచికి ఇంకా మంచిది. బ్రెస్ట్ అయిపోయి కాళ్లు వెనకబడితే కంగారు పడకండి, కాళ్లు విడదీసి వాటినొక్కటే మళ్లీ ఓవెన్‌లోకి పంపండి. టేబుల్ మీద ఎలాగూ కోసే పెడతాం.

కొన్ని పక్షులకి గుచ్చి వచ్చే ప్లాస్టిక్ గుండీ పైకి లేచిందని నమ్మకండి, అది ఒక్కచోట వేడే చెబుతుంది. ఎముక దగ్గర గులాబీ రంగు కనిపించినా, థర్మామీటర్ 165 చూపిస్తే ఉడికినట్టే. అత్తయ్యగారు ఒప్పుకోకపోతే ఆవిడ ముందే గుచ్చి అంకె చూపించండి.

తీశాక అరగంట, నలభై నిమిషాలు కదపకండి. వెంటనే కోస్తే రసమంతా పలక మీదే. ఆ టైములో ఓవెన్ ఖాళీ, మాక్ అండ్ చీజ్, చిలగడదుంపలు వేడి చేసుకోవచ్చు. నాలుగు గంటలకి భోజనం అనుకుంటే మధ్యాహ్నం పన్నెండుకి పక్షి లోపలికి వెళ్లాలి. మనవాళ్లు నాలుగంటే ఆరుకొస్తారు, అది వేరే లెక్క. బయట ఉంచడానికి రెండు గంటలే హద్దు, అంతకన్నా ఆలస్యమయ్యేలా ఉంటే ఆ లోపే కోసి, కాస్త రసం చల్లి, ఫాయిల్ కప్పి 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి.

ఇంకో సంగతి, దీపావళి ఆలస్యంగా వచ్చిన ఏడాది థ్యాంక్స్‌గివింగ్ కార్తీకంలోనే పడుతుంది. 2026లో దీపావళి నవంబర్ 8, థ్యాంక్స్‌గివింగ్ నవంబర్ 26. ఇంట్లో పెద్దవాళ్లు నియమం పాటిస్తుంటే ఈ పాఠాన్ని క్రిస్మస్‌కి జరపండి, పద్ధతి ఏమీ మారదు.

ఈ వారం హోంవర్క్: ముందు థర్మామీటర్ని ఐసు నీళ్లలో ముంచి చూడండి, 32 చూపించాలి. తర్వాత ఆదివారం చర్మంతో ఉన్న 4, 5 పౌండ్ల కోడిని ఇదే పద్ధతిలో, మొత్తం 425లోనే, రోస్ట్ చెయ్యండి, గంటంపావు అటూ ఇటూ పడుతుంది. ముప్పావు గంట దాటాక పది నిమిషాలకోసారి బ్రెస్ట్, తొడ రెండు చోట్లా అంకెలు రాసుకోండి, మీ ఓవెన్ ఎంత తొందరపడుతుందో తెలుస్తుంది. ట్రే అడుగున మిగిలిన రసం పారబొయ్యకుండా డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి, వచ్చే భాగంలో గ్రేవీ దాంతోనే మొదలుపెడతాం.