68 బదులు యూయూ కనిపిస్తే కంగారు పడకండి

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి టెంపరేచర్ లాగర్ పెడుతూ నేర్చుకున్న సంగతి ఇది. ఆ లాగర్‌కి వాడిన చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4లో, కరెంటు లేనప్పుడూ నడిచే సొంత గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే టైమ్ తప్పుతుంది. అందుకే డీఎస్3231 అనే గడియారం చిప్ ఉన్న ఎక్స్‌పాన్షన్ బోర్డు తగిలించాను.

ముందు సెట్టింగుల్లో ఐ2సీ (చిప్‌లతో మాట్లాడే రెండు తీగల లైన్) ఆన్ చేసి, ఐ2సీ డిటెక్ట్ కమాండ్‌తో 1వ బస్‌ని, అంటే ఆ లైన్‌ని, స్కాన్ చేయండి. గళ్లలో 68, అంటే ఆ చిప్ అడ్రస్, కనిపించాలి. అన్నీ గీతలే ఉంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా, పవర్ తీసేసి పిన్నులు చూడండి. నా బోర్డు ఒక వరస పక్కకి జరిగి కూర్చుంది. చిప్ కాలలేదు, అదృష్టం!

ఈ గడియారం చిప్ ఉందని సిస్టమ్‌కి చెప్పే సెట్టింగ్ (ఓవర్‌లే) రాసి, రీబూట్ చేసి మళ్లీ స్కాన్ చేస్తే 68 ఉన్న గడిలో యూయూ (UU) వచ్చింది. పాడైందనుకుని బోర్డు మార్చబోయాను. తీరా చూస్తే, కెర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) డ్రైవర్ ఆ చిప్‌ను తన చేతిలోకి తీసుకుందని దానర్థం. ఇక సరైన టైమ్‌ను హెచ్‌డబ్ల్యూ క్లాక్ కమాండ్‌తో చిప్‌లోకి రాసేయడమే. కరెంటు లేనప్పుడు ఆ గడియారాన్ని నడిపే బటన్ సెల్ మాత్రం మరిచిపోకండి.