కాలి ఆపరేషన్ అయిన కుక్కకు ఇంట్లో వ్యాయామం

కుట్లు విప్పి, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి. తిరుపతిలోని వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్లనడిగి ఒకసారి దగ్గరుండి చూస్తే చెయ్యి తిరుగుతుంది.

కుక్కను బాగున్న కాలి వైపు పడుకోబెట్టి, తొడకు గోరువెచ్చని గుడ్డతో 10 నిమిషాలు కాపడం పెట్టండి. ముందు గుడ్డను మీ ముంజేతికి ఆనించి చూసుకోండి. తర్వాత ఒక చెయ్యి మోకాలి పైన, రెండోది కింద పట్టి, మెల్లగా మడిచి చాపండి: 10 సార్లు, రోజుకు మూడు పూటలు. కండ బిగిసినా, తల తిప్పి మీ చేతిని చూసినా అక్కడితో ఆపాలి. బలవంతం చేస్తే కీలు వాస్తుంది.

అసలు శత్రువు జారే గ్రానైట్ నేల. రబ్బరు మ్యాట్లు పరచండి, పాదాల అడుగున మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి.

నడక గొలుసుతోనే, 5 నిమిషాలు, బాగా నెమ్మదిగా. వేగం పెరిగితే నొప్పి కాలు ఎత్తేసి మూడు కాళ్లతో పోతుంది, ఆ కండ అలాగే చిక్కిపోతుంది. మన ఎండలకు తారు రోడ్డు కాలుతుంది, తెల్లవారుజామునే తిప్పండి. మర్నాడు కుంటు పెరిగితే అన్నీ సగానికి తగ్గించండి.