చేత్తో చేసే క్వాంటమ్ గణితం – 4వ పాఠం: ఐ లేకుండా ఎంతవరకు?

పోయిన పాఠంలో మూడు పాలీ మాత్రికలనూ (స్పిన్ ½ కణం స్పిన్‌ను మూడు దిశల్లో కొలవడాన్ని సూచించే 2×2 మాత్రికలు ఎక్స్, వై, జడ్) గుణించి చూశాం. ఎక్స్, జడ్‌లలో ఉన్నవి వాస్తవ సంఖ్యలే. ఐ, అంటే √−1, కనిపించేది వైలో మాత్రమే. దాన్ని తీసేసి లెక్క నడపొచ్చా?

1 ఉన్నచోట 2×2 యూనిట్ మాత్రిక, ఐ ఉన్నచోట జె అనే మాత్రిక పెట్టండి: మొదటి అడ్డువరుస 0, −1, రెండోది 1, 0. దాని వర్గం యూనిట్ మాత్రికకు −1 రెట్లు. ఇలా మారిస్తే 2×2 మాత్రికలు 4×4 అవుతాయి, జాడ, అంటే వికర్ణం మీది సంఖ్యల మొత్తం, రెట్టింపవుతుంది. అందుకే కణం స్థితిని చెప్పే డెన్సిటీ మాత్రికను 2తో భాగించాలి. మరిస్తే సంభావ్యతల మొత్తం 2 వస్తుంది. ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది: సౌష్ఠవ మాత్రికలన్నీ (వికర్ణానికి అటూ ఇటూ ఒకే సంఖ్యలున్నవి) కొలవదగినవే అనుకోవడం. 4×4 సౌష్ఠవ మాత్రికకు 10 స్వతంత్ర సంఖ్యలు కావాలి, స్పిన్ ½ పరిశీలకానికి (కొలవగల రాశికి) 4 చాలు. వికర్ణం మీద రెండుసార్లు పేర్చిన జెతో వినిమయం పాటించేవాటినే (ఏ వరుసలో గుణించినా ఒకే ఫలితం ఇచ్చేవాటినే) ఉంచుకోండి, సరిగ్గా 4 మిగులుతాయి.

జె జోలికి పోకుండా ఐని ఊరికే నిషేధిస్తే? చిక్కు రెండు కణాల దగ్గర మొదలవుతుంది. ఒక కణం కర్నూలులో, ఇంకొకటి అనంతపురంలో ఉన్నాయనుకోండి. ఐ లేదు కాబట్టి ఒక్కోచోట కొలవగలిగేవి 3: యూనిట్, ఎక్స్, జడ్. ఫోన్లో ఫలితాలు కలుపుకుంటే 3×3 = 9 సగటులు. కానీ 4×4 వాస్తవ సౌష్ఠవ మాత్రికకు 10 కావాలి. ఆ పదోది ఎక్కడ?

వైని వైతో టెన్సర్ లబ్ధం చేయండి, అంటే మొదటి వైలోని ఒక్కో సంఖ్యతో రెండో వై మొత్తాన్నీ గుణించి 4×4గా పేర్చండి. రెండు ఐలు కలిసి −1 అయిపోతాయి. పైన కుడి మూల నుంచి కింద ఎడమ మూలకు −1, 1, 1, −1, మిగతావన్నీ 0. ఒక్కచోటా ఐ లేదు! ఈ మాత్రికను యూనిట్‌కు కలిపి 4తో భాగిస్తే ఒక స్థితి, తీసేసి భాగిస్తే మరో స్థితి. రెండింటి లబ్ధం 0, అంటే కణాలను ఒక్కచోటికి తెచ్చి కొలిస్తే తేడా కచ్చితంగా తేలుతుంది. ఎవరి ఊళ్లో వాళ్లుండి కొలిస్తే మాత్రం ఎప్పటికీ తేలదు: వై వక్ర సౌష్ఠవం (వికర్ణానికి అటూ ఇటూ గుర్తు మారుతుంది), ఆ 3 మాత్రికలూ సౌష్ఠవం, వాటి లబ్ధాల జాడ 0. సంకీర్ణ సంఖ్యలుంటే 4×4 = 16, కావలసిందీ 16; లెక్క సరిపోతుంది.

జె దారిలోనూ ఒక మెలిక ఉంది. ఊరికో జె ఇస్తే పరిమాణం 4×4 = 16 అవుతుంది, కావలసింది 8. రెండూళ్లకూ ఉమ్మడి జె ఒక్కటే ఉండాలి. వాస్తవ హిల్బర్ట్ స్పేస్ (క్వాంటమ్ స్థితులుండే సదిశాంతరాళం, వాస్తవ సంఖ్యలతో) మీద భౌతిక శాస్త్రవేత్త ష్ట్యూకెల్‌బెర్గ్ 1960లోనే రాశారు. టెన్సర్ లబ్ధం నియమం వదలకుండా, కణాలను పుట్టించే మూలాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్న ఏర్పాటులో వాస్తవ సంఖ్యలతో సరిపెట్టలేమని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఉమ్మడి జె ఆ నియమాన్ని పాటించదు కాబట్టి అది దీనితో తప్పని తేలలేదు. వార్తల్లో ఈ షరతే ఎగిరిపోతుంటుంది.

అభ్యాసం: పై రెండు స్థితుల ఐగెన్ విలువలు ½, ½, 0, 0 అని చూపండి. ఆ టెన్సర్ లబ్ధం వర్గం యూనిట్ మాత్రికే, జాడ 0. ఈ రెండు సంగతులే చాలు.