పీఎం-వాణి వైఫై కేంద్రం: కోనసీమ దుకాణదారులకు దరఖాస్తు విధానం

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూసేవారికి కాసేపటి ఇంటర్నెట్ చాలు, నెల ప్యాక్ అక్కర్లేదు. అలాంటి చోట టీ కొట్టో కిరాణా దుకాణమో ఉన్నవారు డేటాను చిల్లరగా అమ్ముకునే వీలు పీఎం-వాణి అనే కేంద్ర ప్రభుత్వ పబ్లిక్ వైఫై పథకం కల్పిస్తుంది. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో దీన్ని ఆమోదించింది.

ఇందులో దుకాణదారును పబ్లిక్ డేటా ఆఫీస్, పొట్టిగా పీడీఓ అంటారు. పీడీఓకు లైసెన్సు అక్కర్లేదు, టెలికాం శాఖ దగ్గర నమోదు అక్కర్లేదు, ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుమూ లేదు. లైసెన్సు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు వస్తే టీ ఇచ్చి సాగనంపండి.

మరి దరఖాస్తు ఎవరికి? ఇలాంటి పీడీఓలను ఒక గొడుగు కిందికి తెచ్చే అగ్రిగేటర్ సంస్థకు. టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో నమోదు చేసుకోవలసింది ఆ సంస్థే. వినియోగదారుల లాగిన్, లెక్కలు కూడా అదే చూస్తుంది. నమోదైన సంస్థల జాబితాను ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ నిర్వహించే కేంద్ర రిజిస్ట్రీలో చూసి, పేరు ఉందని తేల్చుకున్నాకే మాట్లాడండి. గుర్తింపు పత్రం, పాన్, బ్యాంకు ఖాతా, దుకాణం చిరునామా సిద్ధంగా ఉంచుకుంటే చాలావరకు సరిపోతుంది. సంతకానికి ముందు మీ వాటా ఎంత, డబ్బు ఎన్నాళ్లకు జమవుతుంది, రూటర్ ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోండి. నోటిమాట కుదరదు.

ఇక కనెక్షన్. ఖరీదైన లీజు లైనే (వ్యాపార సంస్థలకిచ్చే ప్రత్యేక లైను) తీసుకోవాలని ఎవరైనా పట్టుబడితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్ ఉత్తర్వు చూపించండి: 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లకు పీడీఓల దగ్గర మామూలు ఇంటి ధరకు రెట్టింపు కంటే ఎక్కువ వసూలు చేయకూడదు. మన వైపు ఫైబర్ తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. కొబ్బరి మట్ట పడి తెగితే ఎవరు, ఎన్ని రోజుల్లో అతుకుతారో ముందే అడగండి. కరెంటు పోతుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్ పెట్టుకుంటే, రూటర్‌తో పాటు ఫైబర్ దిగే పెట్టెనూ దానికే కలపాలి. రెండోదాన్ని చాలామంది మరిచిపోయి, వైఫై గుర్తు కనిపిస్తున్నా నెట్ రావడం లేదని గొడవ పడతారు.

వినియోగదారుడు వాణి యాప్‌లో ఫోను నంబరుతో ఒకసారి ధ్రువీకరించుకుని, మీ కేంద్రాన్ని ఎంచుకుని, వోచరు కొంటాడు. డేటా పూర్తిగా అయిపోయినవాడు ఆ యాప్ ఎలా దించుకోవాలన్నది కూడా అగ్రిగేటర్‌నే అడిగి తెలుసుకోండి.