కొత్త ప్లాంటులో తొలి ఖనిజం వేసేముందు: మెటలర్జిస్టులకు జాగ్రత్తలు

కొత్త ఖనిజ శుద్ధి ప్లాంటును తొలిసారి నడిపించే పనికి (కమిషనింగుకు) వెళ్లే యువ మెటలర్జిస్టులు ముందుగా అడిగేది రికవరీ గురించి, అంటే ఖనిజంలోని లోహంలో ఎంత చేతికొస్తుందన్నది. నేను వాళ్లను ముందుగా అడిగేది ఒకటే: మిల్లు (ఉక్కు బంతులతో ఖనిజాన్ని పొడిచేసే తిరిగే డ్రమ్ము), థికెనర్ (ఘనపదార్థం అడుగుకు చేరి నీరు వేరయ్యే పెద్ద ట్యాంకు), ట్యాంకులు స్లర్రీతో, అంటే ఖనిజపు పొడి కలిసిన నీటితో, నిండుగా నడుస్తుండగా కరెంటు పోతే ఏం చేస్తారు? కొత్త ప్లాంటులో ఈ పరిస్థితి ఎదురై తీరుతుంది. ఆపడం సాధన చేయని ప్లాంటులో ఖనిజం వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పంపులు ఆగిన నిమిషాల్లోనే పైపుల్లో ఇసుక అడుగున చేరుతుంది. డ్రెయిన్ వాల్వులు ఎక్కడున్నాయో, ఏ క్రమంలో తెరవాలో, కడగడానికి నీరు ఎక్కడి నుంచి వస్తుందో ప్రతి ఆపరేటరుకూ చీకట్లో కూడా తెలిసి ఉండాలి. థికెనర్ రేక్ (అడుగు బురదను కదిపే చేతులు), అజిటేటర్లు (ట్యాంకుల్లో స్లర్రీని కలిపే యంత్రాలు), మిల్లు లూబ్రికేషన్ పంపులు, సంప్ పంపులు (గుంతలో చేరిన ద్రవాన్ని తోడేవి) అత్యవసర జనరేటరు మీద ఉన్నాయని డ్రాయింగు చూసి ఊరుకోవద్దు. నీటితో నడుపుతున్న దశలోనే ప్రధాన బ్రేకరును ఆపించి, ఏవి తిరిగి లేస్తున్నాయో స్వయంగా చూడండి. గంటల తరబడి ఆగిన మిల్లులో ఖనిజం, బంతులు కలిసి గడ్డకడతాయి. అలాగే స్టార్ట్ చేస్తే ఆ ముద్ద పైదాకా లేచి ఒక్కసారిగా కిందపడుతుంది; డ్రమ్ము గోడ (షెల్లు), బేరింగులు దెబ్బతింటాయి. ఇంచింగ్ డ్రైవుతో, అంటే మిల్లును కొద్దికొద్దిగా కదిపే చిన్న మోటారుతో, మెల్లగా తిప్పి, ముద్ద విడిందని తేల్చుకున్నాకే ప్రధాన మోటారు జోలికి వెళ్లాలి.

ఎలక్ట్రీషియన్లు మోటార్ల తిరుగుడు దిశ పరీక్షించే రోజున అక్కడే ఉండండి. చాలా స్లర్రీ పంపుల్లో ఇంపెల్లరు (ద్రవాన్ని నెట్టే చక్రం) షాఫ్టుకు మరతో బిగించి ఉంటుంది. మోటారు ఎదురు దిశలో తిరిగితే అది మర ఊడి కేసింగులో ఇరుక్కుంటుంది, షాఫ్టు వంగవచ్చు. అందుకే దిశ తేలేదాకా మోటారును పంపుకు కలిపే వీ-బెల్టులు తీసేసి ఉంచాలి. బెల్టులు ఎక్కించి పరీక్షిద్దామని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోవద్దు.

ట్యాంకులు నింపేముందు లోపలికి దిగి చూడండి. అనుమతి పత్రం, గాలిలో ఆక్సిజన్ పరీక్ష, బయట ఒక కాపలా మనిషి లేకుండా మాత్రం దిగవద్దు. వెల్డింగ్ రాడ్ ముక్కలు, చేతి తొడుగులు, చెక్కలు, ప్లాస్టిక్ సంచులు లోపల దొరకని కొత్త ట్యాంకు అరుదు. ఇవే తర్వాత సైక్లోన్ (స్లర్రీని సుడి తిప్పి ముతక, మెత్తటి రేణువులను వేరుచేసేది) అడుగు రంధ్రంలో అడ్డుపడతాయి. ఇక నీటితో చేసిన పరీక్ష చూసి పంపులు సరిపోతాయని నమ్మకండి. స్లర్రీ నీటికన్నా బరువైనది కాబట్టి మోటారు లోడు పెరుగుతుంది. మిల్లులో బంతులన్నీ ఒకేసారి వేయవద్దు. తగినంత ఖనిజం లేకుండా తిప్పితే అవి నేరుగా లైనర్ల (మిల్లు లోపలి తొడుగు పలకల) మీద పడి వాటిని పగలగొడతాయి. ఖనిజంతోపాటు విడతలుగా పెంచాలి.

బంగారం ప్లాంటయితే, బంగారాన్ని కరిగించే సైనైడు కంటే ముందు పిహెచ్ (క్షారగుణం) పెంచే సున్నం. పిహెచ్ 9.2 దగ్గర స్వేచ్ఛా సైనైడులో సగం హైడ్రోజన్ సైనైడుగా ఉంటుంది, ఆ విషం సుమారు 26 డిగ్రీలకే మరుగుతుంది. పిహెచ్ 10.5 దగ్గర నిలకడగా ఉందని, మీటరు ఆ రోజే సరిచూశారని తేలేదాకా సైనైడు వాల్వు తెరవకూడదు. దాని వాసన కొందరికి పుట్టుకతోనే తెలియదు, కాబట్టి గ్యాస్ డిటెక్టర్‌ను మాత్రమే నమ్మాలి. కార్బన్‌ను (కరిగిన బంగారాన్ని పట్టుకునే బొగ్గును) ఆమ్లంతో కడిగే చోట కారిన ద్రవం, సైనైడు కలిసే కాలువ ఒక్కటి కూడా ఉండకూడదు. దీన్ని కాళ్లతో నడిచి, కళ్లతో చూడండి. ఫ్లొటేషన్ (ఖనిజపు రేణువులను నురుగుతో పైకి తేల్చే) ప్లాంటయితే, ఆ పనికి వాడే జాంథేట్ రసాయనం డ్రమ్ములను తడి, వేడి తగలకుండా ఉంచండి. అది విచ్ఛిన్నమైతే వచ్చే కార్బన్ డైసల్ఫైడు ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

టెయిలింగ్స్ డ్యామును (శుద్ధి తర్వాత మిగిలిన వ్యర్థపు స్లర్రీని నిల్వచేసే కట్టను) సివిల్ వాళ్ల పనిగా వదిలేయవద్దు. రుమేనియాలోని బాయా మారేలో 1999లో మొదలైన ప్లాంటు డ్యాము 2000 జనవరి 30న తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీరు నదుల్లో కలిసింది. హంగరీలోని టిసా నదిలో చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. భారీ వర్షం, కరిగిన మంచు కలిసి చెరువు నీటిమట్టాన్ని పెంచాయి. మీ ప్లాంటు నీటి లెక్క సగటు ఏడాదికి వేసిందా, అతి తడి ఏడాదికి వేసిందా అని అడగండి.

ప్లాంటు డిజైన్ కోసం ఖనిజం మీద చేసిన పరీక్షల నివేదికల్లో నమూనాలు ఎంత లోతు నుంచి తీశారో చూడండి. ప్లాంటుకు ముందుగా వచ్చేది పైపొరల ఖనిజం. అందులో బంకమట్టి, ఆక్సీకరణ ఎక్కువ. థికెనర్ ఇబ్బంది పెట్టేది అక్కడే. మెటలర్జిస్టు టెరీ మెక్‌నల్టీ 1998లో కొత్త ప్లాంట్లు పుంజుకున్న తీరును నాలుగు వర్గాలుగా విడదీశారు. నిరూపితమైన పద్ధతి వాడినవి సుమారు ఏడాదిలో డిజైన్ సామర్థ్యానికి దగ్గరయ్యాయి. తగిన పైలట్ (చిన్న నమూనా ప్లాంటు) పరీక్షలు లేకుండా సంక్లిష్టమైన ప్రక్రియతో దిగినవి మూడేళ్లకూ చాలా వెనకబడ్డాయి. యాజమాన్యం మొదటి నెలకే పూర్తి టన్నేజీ అడిగితే మెక్‌నల్టీ గ్రాఫులు ముందు పెట్టండి.

తూకపు బెల్టు, నమూనా యంత్రాలు తొలి టన్ను కంటే ముందే సిద్ధంగా ఉండాలి. తొలిసారి ఖనిజం వేయడం పగటి షిఫ్టు మొదట్లోనే పెట్టుకోండి. పన్నెండు గంటలు నిలబడ్డ మనుషులతో రాత్రి చివర్లో వద్దు. కమిషనింగులో ఇంటర్‌లాకులు (ప్రమాదం వస్తే యంత్రాన్ని తనంతట తానే ఆపే ఏర్పాట్లు) తాత్కాలికంగా బైపాస్ చేస్తుంటారు. ఏది, ఎవరు, ఎందుకు బైపాస్ చేశారో, ఎప్పటిలోగా తిరిగి పెడతారో ఒకే పుస్తకంలో రాయించి, షిఫ్టు మారేటప్పుడు దిగిపోయేవారు, ఎక్కేవారు ఇద్దరూ సంతకం చేయాలి.