చెవిటి చుక్కికి సైగల బడి

మా చుక్కి డాల్మేషియన్ జాతి కుక్క. పిలిస్తే పలక్కపోతే పొగరనుకున్నాం. పక్కనే కుక్కర్ విజిల్ వేసినా చెవి కదపకపోయేసరికి అనుమానమొచ్చింది. డాక్టరు పుట్టు చెవుడన్నారు. ఒంటికి తెల్లరంగునిచ్చే జన్యువులతో దీనికి సంబంధముంది, ఈ జాతిలో ఎక్కువే.

నా మొదటి తప్పు, నిద్రలో తట్టి లేపడం. ఉలిక్కిపడి ఒకసారి నా వేలు పట్టేసింది! తర్వాత పద్ధతి మార్చాను. మెలకువగా ఉన్నప్పుడే భుజం మీద మెల్లగా తాకి, వెంటనే ఉడికించిన చికెన్ ముక్క పెట్టేదాన్ని, రోజుకు పది పదిహేనుసార్లు. రెండు వారాలకి, తాకితే చాలు తోకూపుతూ నా వైపు తిరిగేది. పడుకుని ఉంటే మాత్రం ముందు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన చూడనిస్తాను.

అలా నా వైపు చూడటం అలవాటయ్యాకే సైగలు. బొటనవేలు పైకెత్తితే శభాష్, వెంటనే ముక్క. అరచేయి పైకి లేపితే కూర్చోవాలి. ఇక్కడే ఇంకో చిక్కు: నాదొక సైగ, అత్తయ్యదొక సైగ. పాపం, అది ఇద్దరినీ అయోమయంగా చూసేది. బొమ్మలు గీసి ఫ్రిజ్‌కి అంటించాక కుదిరింది.

రాత్రి పెరట్లోంచి పిలవాలంటే వరండా లైటు రెండుసార్లు వేసి ఆర్పుతాను. లేజర్ లైటు వాడకండి, ఆ చుక్క వెంటపడి పిచ్చెక్కిపోతాయి. గేటు దాటితే మాత్రం తాడు వదలను, స్కూటర్ హారన్ దానికి వినపడదు కదా.