మీ ఊరిని మ్యాప్‌లో ఎక్కించాలంటే: ఒక వీధితో మొదలుపెట్టండి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా అమ్మమ్మ ఊరిని మొదటిసారి వెతికితే ఒక చుక్క, దాని పక్కనుంచి పోయే తారు రోడ్డు, అంతే కనిపించాయి. చెరువు లేదు, బడి లేదు, నేను పదేళ్ల పాటు ఎండాకాలం సెలవులన్నీ గడిపిన వాడ అసలే లేదు. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు, ఎందుకంటే ఈ మ్యాప్ గీసే కంపెనీ అంటూ ఏదీ లేదు. 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టాడు. వికీపీడియాలాగే ఎవరికి తెలిసింది వాళ్లు ఎక్కిస్తారు, ఆ డేటాని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అంటే మా ఊరు అందులో లేదంటే మేమెవరమూ ఎక్కించలేదు కాబట్టే.

మీ ఊరిదీ ఇదే పరిస్థితైతే ఒక ఆదివారం పొద్దున లాప్‌టాప్ ముందు కూర్చోండి. అకౌంట్ తెరిచి ఎడిట్ నొక్కితే ఐడీ అనే ఎడిటర్ బ్రౌజర్‌లోనే వస్తుంది, వెనక శాటిలైట్ ఫొటో ఉంటుంది. మొదట్లో ఎలా గీయాలో నేర్పిస్తూ వచ్చే వాక్‌త్రూని దాటేయకండి. నేను దాటేసి తర్వాత వారం రోజులు తిప్పలు పడ్డాను. లాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకోండి. వీధిలో నడుస్తుంటే ఇక్కడ లైట్లున్నాయా, ఈ బిల్డింగ్‌కి ఎన్ని అంతస్తులు అని అదే అడుగుతుంది, మీరు జవాబు చెప్తే చాలు.

మొదటి రోజే ఊరంతా గీసేద్దామని కూర్చోకండి. ఒక్క వీధి తీసుకోండి, మీకు కళ్లు మూసుకున్నా తెలిసినది. రోడ్డు మధ్యగా క్లిక్ చేసుకుంటూ పోయి, చివర డబుల్ క్లిక్ చేసి, రకం ఎంచుకోవాలి. రెండు దారులు కలిసే చోట రెండింటికీ ఒకే చుక్క ఉండాలి. చూడ్డానికి కలిసినట్టే ఉండి చుక్క కలవకపోతే దారి చూపించే యాప్ అక్కడ దారి లేదనుకుని మిమ్మల్ని ఊరంతా తిప్పుతుంది. ఇల్లయితే నాలుగు మూలలూ గీసి కీబోర్డు మీద క్యూ (Q) నొక్కితే గోడలు సరిగ్గా నిలబడతాయి. ఊళ్లో ఇళ్ల మధ్య వీధి రెసిడెన్షియల్, పొలాల్లోకి పోయే బండ్ల బాట ట్రాక్, పక్క ఊరికి పోయే చిన్న రోడ్డు అన్‌క్లాసిఫైడ్. ఈ చివరి పేరు పెట్టినవాళ్లని ఏమనాలో గానీ, దానర్థం రకం తెలియని రోడ్డు అని కాదు, చిన్న రోడ్డు అని మాత్రమే.

గూగుల్ మ్యాప్స్ పక్కన తెరిచి పెట్టుకుని పేర్లు ఎత్తిరాయడం మాత్రం చేయొద్దు. అది వాళ్ల సొత్తు, దొరికితే మీ ఎడిట్లు మొత్తం తీసేస్తారు. మీ కళ్లతో చూసింది, ఊళ్లో వాళ్లని అడిగి తెలుసుకున్నది, ఎడిటర్‌లో ఇచ్చిన ఫొటోలో కనిపించింది, ఇవి చాలు. సేవ్ చేసేటప్పుడు ఏం మార్చారో ఒక్క వాక్యం రాయండి. ఇళ్ల మీద మనుషుల పేర్లు పెట్టకండి, అది మీ తాత ఇల్లయినా సరే.

నాకు అసలు పని చెరువు దగ్గర పడింది. ఫొటో ఎండాకాలంలో తీసినట్టుంది, మధ్యలో గుంటంత నీళ్లు, చుట్టూ పచ్చటి మళ్లు. ఆ గుంట చుట్టూ గీసి చెరువు అని పెట్టేసి, దసరాకి ఊరికి పోయినప్పుడు గొప్పగా ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుని చూసి, "గింతేనా బిడ్డా మన చెరువు? మత్తడి దుంకితే నీళ్లు యాడిదాకొస్తయో ఎర్కేనా?" అని కట్ట మీదికి తీసుకుపోయాడు. తూము ఎక్కడుందో, మత్తడి ఎక్కడుందో (ఆంధ్ర వైపు అలుగంటారు), నిండితే నీళ్లు ఏ చింతచెట్టు దాకా వస్తాయో చేత్తో చూపించాడు. నేను మళ్లనుకున్నది శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల. ఇంటికొచ్చి ఆ హద్దు ప్రకారం మళ్లీ గీసి, నీళ్లు ఏడాది పొడుగునా ఉండవని ఇంటర్మిటెంట్ అనే ట్యాగ్ పెట్టాను. పేరు దగ్గర ఇంగ్లిష్‌తో పాటు భాషల జాబితాలో తెలుగు ఎంచుకుని తెలుగులో కూడా రాయండి. ఓఎస్‌ఎం‌అండ్ లాంటి, ఈ మ్యాప్ డేటాతో నడిచే యాప్‌లో మ్యాప్ భాష తెలుగు పెట్టుకున్నవాళ్లకి ఊర చెరువు అని మన అక్షరాల్లోనే కనిపిస్తుంది. అది మొదటిసారి చూసిన రోజు ఇంట్లో అందరికీ స్క్రీన్‌షాట్ పంపాను, అందులో సిగ్గేమీ లేదు.

చేయి తిరిగాక హాట్ వాళ్ల టాస్కింగ్ మేనేజర్‌కి వెళ్లండి. హాట్ అంటే హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్. 2010లో హైతీ భూకంపం అప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో ఇళ్లల్లో కూర్చుని అక్కడి రోడ్లు గీశారు, 2015లో నేపాల్‌కీ అలాగే జరిగింది, అక్కడ కాఠ్మాండూ లివింగ్ ల్యాబ్స్ వాళ్లు ముందుండి నడిపించారు. టాస్కింగ్ మేనేజర్‌లో ప్రాంతాన్ని గళ్లుగా కోసి పెడతారు. మీరొక గడి తీసుకుని పూర్తి చేస్తే, ఇంకొకరు సరిచూస్తారు. నేను ఉగాండాలో ఒక గడి తీసుకుని, గుండ్రంగా గడ్డి కప్పుతో ఉన్నవన్నీ గడ్డివాములు అనుకుని వదిలేశాను. మా ఊళ్లో అలాంటివి అవే మరి! రెండో రోజు గడి వెనక్కొచ్చింది, ఇంకా మ్యాప్ చేయాల్సి ఉందని. సరిచూసినవాళ్లు మర్యాదగానే రాశారు, అవి గుడిసెలు, వాటిలో మనుషులుంటారు అని. ఒక పల్లెలో ఇరవై కుటుంబాల్ని గడ్డివాముల్లో కలిపేశానన్నమాట. ఆ రాత్రి కూర్చుని ఒక్కో గుండ్రం గీసి, కీబోర్డు మీద ఓ (O) అక్షరం నొక్కి వలయం చేసి, అన్నీ ఎక్కించాను. తెలియని చోట గీసేటప్పుడు ఆ టాస్క్ పైన రాసిన సూచనలు, నమూనా ఫొటోలు ముందు చదవండి, మీ ఊరి కళ్లతో చూడకండి.

డబ్బులు రావు, సర్టిఫికెట్ల సంగతి పట్టించుకోకండి. నాకు మిగిలింది వేరే. ఇన్నేళ్లు తిరిగిన ఊళ్లో ఏ బాట ఎక్కడ కలుస్తుందో నాకు తెలియదని తెలిసింది, అడగడానికి వెళ్లిన వంకతో ఏనాడూ మాట్లాడని వాళ్లతో మాట్లాడాను. ఈ మధ్య అమ్మమ్మకి లాప్‌టాప్‌లో మ్యాప్ చూపిస్తే అంతా చూసి, "మన బాయేది?" అంది. ఇంటి వెనక చేదబావి పూడ్చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేల మీద లేనిది ఈ మ్యాప్‌లో పెట్టకూడదు, అది రూలు. అదే చెప్పాను. "లేకుంటేంది, గాడ్నే ఉండె గదా" అంటూ వేలితో తెర మీద పెరట్లో ఒక చోట చూపించింది. ఆ చోటుని నా నోట్‌బుక్‌లో గీసుకున్నాను.